సిమెంటు గదిలోంచి వచ్చిన బదులు కూత

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ధైర్యం ఎక్కువై కాదు, తీరిక లేక. చిన్నతనంలో జొన్నచేను కావలికి పోయేదాన్ని. చేనులోకి అడవిపంది వచ్చేది, పాము వచ్చేది, కంకులు కోసుకుపోయే దొంగ వచ్చేవాడు. నిజంగా వచ్చేవాటికి భయపడేసరికే పొద్దు గడిచిపోయేది. ఊళ్లో ఎవరికైనా గాలి సోకిందంటే మా అమ్మ, "జొరమొచ్చి ఉంటది, గోలీ మింగుమనుండ్రి" అని తన పనిలో పడేది. నేనూ ఆ మాట మీదే పెరిగాను. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. అయినా కిందటి ఎండాకాలం మా ఇంట్లో జరిగినదానికి ఏ గోలీ మింగాలో నాకు తెలియడం లేదు.

మా ఇల్లంటే మా బిడ్డ సుజాత ఇల్లు. షికాగో పక్కన అరోరాలో, ఊరి పాతభాగంలో, నాకంటే వయసులో పెద్దదైన చెక్క ఇల్లు. తెలుగు అక్షరాలు నేను ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాను. మనవరాలిని ఆదివారం తెలుగు బడికి తీసుకెళ్లి, వెనక బల్ల మీద కూర్చుని, పిల్లలతో పాటే దిద్దాను. కాబట్టి జరిగింది జరిగినట్టు రాయడమే నాకు వచ్చు. పెంచి రాయడం ఇంకా నేర్చుకోలేదు.

మా అల్లుడు మహేందర్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఉద్యోగం అది గానీ, ప్రాణం మాత్రం పాత రికార్డుల మీద. శనివారం వస్తే పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగి పెద్ద పెద్ద నల్ల పళ్లేలు తెస్తాడు. వాటిలోనూ అతనికి ఒకే రకం ఇష్టం, దాన్ని ఎగ్జోటికా అంటారట. అరవై డెబ్బయ్యేళ్ల కింద ఈ దేశంలో జనం చలికాలం సోఫాలో కూర్చుని, ఎక్కడో సముద్రం నడుమ దీవిలో ఉన్నట్టు ఊహించుకోవడానికి చేసిన సంగీతం. మెల్లగా డోళ్లు మోగుతాయి, ఇనుప పట్టీల మీద కొట్టినట్టు గంటల చప్పుడు వస్తుంది, మధ్యలో చిలుకలు అరుస్తాయి, కప్పలు బెకబెకమంటాయి. అట్టల మీద కొయ్యబొమ్మలు, ఎర్రపూలు.

నాకు అదంతా తెలియని రోజుల్లో, ఒక మధ్యాహ్నం వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తుంటే హాల్లో పిట్ట అరిచింది. తలుపు తీసి ఉంది కదా, లోపలికి జొరబడింది అనుకున్నాను. కిటికీ తెరిచి, తువ్వాలు తీసుకుని తోలడం మొదలుపెట్టాను. అది ఒక గోడ దగ్గర అరిచి, కంటికి కనబడకుండానే అవతలి గోడ దగ్గర అరిచేది. నేను అటూ ఇటూ పరుగెత్తుతున్నాను.

మహేందర్ ఆఫీసు గదిలోంచి వచ్చి చూశాడు. "అత్తమ్మా, ఏం చేస్తున్నరు?"

"పిట్ట జొచ్చిందయ్యా. గిప్పుడే ఆ మూలకుండె, ఈ మూలకొచ్చింది. జర ఆ ఫ్యాన్ బంద్ చెయ్యి, రెక్క తెగుతది."

అతను సోఫాలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. పైనుంచి సుజాత కేకేసింది, "ఏమైంది మహీ?"

"మీ అమ్మ నా రికార్డును ఇంట్లకెళ్లి ఎల్లగొడుతుంది."

"మంచిగైంది. అమ్మా, ఇంకొంచెం గట్టిగ తోలు. దానెంబడి ఆయనను గూడ."

తర్వాత అతను నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. ఆ రికార్డులో ఒక్క పిట్ట కూడా లేదట. బ్యాండులో డోలు కొట్టేవాళ్లే నోటితో చిలుకలా, కోతిలా, కప్పలా అరిచేవారట. పిట్ట అటునుంచి ఇటు ఎగిరినట్టు అనిపించడం కూడా పనితనమే. రెండు స్పీకర్లలో ఒకదానిలోంచి గొంతు తగ్గించి, రెండో దానిలో పెంచడం. అది కొత్తగా వచ్చిన రోజుల్లో జనం చుట్టాలను పిలిచి మరీ వినిపించేవాళ్లట.

"మరి మనిషయితే, ఎవలికి కూస్తున్నడు?" అని అడిగాను.

"ఎవలికీ కాదత్తమ్మా. ఊరికే, సోకుకు."

ఆ జవాబు నాకు అర్థం కాలేదు. నాకు తెలిసిన కూత ఊరికే వేసేది కాదు.

మా పాలమూరు వైపు జొన్న కంకి పాలు పోసుకునే కాలంలో ఆడపిల్లలే మంచెలెక్కేవాళ్లు. చేతిలో వడిసెల, పక్కన రాళ్లు, పగిలిన డబ్బా. మా చేను మంచె మీద నేను. వాగుకు అవతల మా చిన్నాయన చేను మంచె మీద మా చెల్లె బాలమణి. పిట్టల గుంపు దిగితే కూతేసి లేపాలి. ఆ కూత పిట్టలకొక్కటే కాదు. ఒక మంచె మీద కూత లేస్తే పక్క మంచె మీది పిల్ల బదులు కూత వెయ్యాలి. బదులు రాకపోతే ఆ పిల్ల నిద్రపోయిందనో, పామో పందో వచ్చిందనో లెక్క. పెద్దవాళ్లు పని వదిలేసి పరుగెత్తుకొచ్చేవాళ్లు. అందుకే కూతేశాక ఎవరమైనా ఊపిరి బిగబట్టి ఆగేవాళ్లం. బదులు వచ్చాకే మళ్లీ వడిసెల తిప్పేవాళ్లం.

ఎవరి కూత వారిదే. నాది పొడుగ్గా సాగి చివర కిందికి దిగేది. బాలమణిది కింద మొదలై పైకి లేచేది. లేచేటప్పుడు మధ్యలో ఒకచోట గొంతు తెగి, మళ్లీ అతుక్కునేది. దాన్ని ఎవరూ వెయ్యలేరు, వెయ్యకూడదు కూడా. ఇంకొకరి కూత వేస్తే లేని మనిషి ఉన్నట్టు చెప్పినట్టే. అలా వేసినందుకు ఒక పిల్ల తన్నులు తినడం నేను చూశాను.

ఇదంతా చెప్తే మహేందర్ కళ్లు మెరిశాయి. "మీ కూత నాకు కావాలె అత్తమ్మా. నా పాటల పెడత" అన్నాడు. అతను సొంతంగా అలాంటి సంగీతం ఒకటి తయారు చేస్తున్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆ రికార్డుల్లో గొంతులు ఎంతో దూరం నుంచి వచ్చినట్టు ఎలా వినబడతాయో కూడా అతనే చూపించాడు. ఆ కాలం స్టూడియోల్లో ఒక ఖాళీ గది ఉండేదట. నున్నటి గట్టి గోడలు, ఒక్క గుడ్డముక్క కూడా ఉండకూడదు. ఆ గదిలో ఒక చివర స్పీకరు, ఇంకో చివర మైకు. పాటను స్పీకరు ద్వారా ఆ గదిలోకి పంపి, గది దాన్ని మోగించాక మైకుతో తిరిగి పట్టుకునేవాళ్లు. దాన్ని అసలు పాటలో కొంచెం కలిపితే చాలు, మూరెడు దూరంలో పాడినవాడు లోయ అవతలి నుంచి పాడినట్టు ఉంటుంది.

మా ఇంటి బేస్‌మెంట్ పక్కన అలాంటిదే ఉంది. పాతకాలంలో పైకప్పు మీది వాననీళ్లు పట్టి దాచుకోవడానికి కట్టిన సిమెంటు గది. నీళ్లు ఎప్పుడో పోయాయి. నడుము వంచి దూరే చిన్న తలుపు ఒకటి. లోపల చెయ్యి చరిస్తే చాలాసేపు మోగుతుంది. మహేందర్ అందులో ఒక స్పీకరు, మైకు పెట్టుకున్నాడు.

సుజాతకు ఆ గది చూస్తేనే ఒళ్లుమంట. "బియ్యం బస్తాలు పెట్టుకుందామంటే స్పీకర్‌ను పండబెట్టిండు. దానికి ఏసీ గూడ పెట్టు" అనేది.

ఇక అసలు సంగతి. ఆ ఏడాది చలి తగ్గేసరికి బాలమణి గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నారు. హైదరాబాద్ తీసుకెళ్తే గొంతులో గడ్డ అన్నారు. బతకాలంటే స్వరపేటిక మొత్తం తీసెయ్యాలన్నారు. అప్పటికే అది గుసగుసగా తప్ప మాట్లాడలేకపోతోంది. దాని కూతురు శిరీష ఫోను నోటి దగ్గర పెడితే, గాలి చప్పుడు తప్ప నాకేమీ వినబడేది కాదు.

చిన్నప్పటి నుంచి నేను విన్న గొంతు ఎక్కడైనా దాగి ఉంటుందేమో అని వెతికించాను. వాయిస్ మెసేజ్ పెట్టడం దానికి చేతకాలేదు. నొక్కి పట్టుకుని మాట్లాడాలంటే, "యంత్రం ఎదురు మాట్లాడదు, నాకు మాట రాదు" అనేది. ప్రతి ఆదివారం గంటసేపు మాట్లాడుకున్నాం, అందులో ఒక్క మాట కూడా ఎక్కడా నిలవలేదు. శిరీష పెళ్లి వీడియో బయటికి తీయించాను. అందులో బాలమణి బంతిభోజనాల దగ్గర నిలబడి ఎవరినో గట్టిగా తిడుతోంది. నోరు కదులుతోంది. పైన మాత్రం సినిమా పాట మోగుతోంది. వీడియో అబ్బాయి అందరి గొంతులూ తీసేసి మొదటి నుంచి చివరి దాకా పాటలే పెట్టాడు.

దాని ప్రాణం దక్కాలని దేవుడికి మొక్కుకున్నాను. అది నిజం. దాని గొంతు ఒక్కసారి వినాలని కూడా అంతే మొక్కుకున్నాను. అదీ నిజమే.

ఆపరేషన్ హైదరాబాద్‌లో పొద్దున. మాకు ముందురోజు సాయంత్రం. జూలై నెల కాబట్టి బయట ఎండ ఇంకా పోలేదు. నేను ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మహేందర్ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"ఫోన్ దిక్కు చూసుకుంట కూసుంటే టైం పోదత్తమ్మా. కిందికి రాండ్రి. ఆ కూత ఒక్కసారి వెయ్యుండ్రి."

"ఇప్పుడు కూతలేందయ్యా?"

"శిరీష ఫోన్ చేస్తే నా వాచ్‌ల మోగుతది. రాండ్రి."

నన్ను మరిపించడానికే పిలిచాడని తెలుసు. వెళ్లాను. బేస్‌మెంట్ మధ్యలో మైకు ముందు నిలబెట్టాడు. నా గొంతు లోపలి స్పీకరులోంచి మోగేలా పెట్టి, సిమెంటు గది తలుపు మూశాడు. తను బల్ల దగ్గర కూర్చుని హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకున్నాడు. ఒక చెవిలో నా ముందున్న మైకు, రెండో చెవిలో సిమెంటు గదిలోని మైకు. రెండూ కంప్యూటర్లో వేరువేరుగా నిలుస్తాయని చెప్పాడు. ఇంట్లో మేమిద్దరమే. సుజాత పిల్లను ఈతకు తీసుకెళ్లింది.

గొంతు సవరించుకుని కూతేశాను. ఎన్నో ఏళ్ల తర్వాత వేశాను. నా గొంతు నాకే కొత్తగా అనిపించింది. వేసి, ఆగాను.

"ఆగకుండ్రి అత్తమ్మా, ఎంబడే ఇంకోటి వేసేయుండ్రి. నాకు నాలుగైదు కావాలె."

మళ్లీ వేశాను. మళ్లీ ఆగాను.

"ఎందుకాగుతున్నరు?"

"బదులు రావాలె గదయ్యా" అన్నాను. అలవాటు. అప్పటిదాకా నాకే తెలియదు నేను ఆగుతున్నానని. అతను నవ్వి, సరే మీ ఇష్టం అన్నట్టు చెయ్యి ఊపాడు.

మూడోసారి వేసి ఆగినప్పుడు నాకేమీ వినబడలేదు. మహేందర్ మాత్రం తల ఎత్తి నా వైపు చూశాడు. చెవుల మీదివి తీసేశాడు.

"మీరు ఇంకోటి వేసిండ్రా?"

"లేదే."

"చిన్నగ? లోపల్లోపల?"

"నోరే తెరవలేదయ్యా."

అతను సిమెంటు గది తలుపు తీసి లోపలికి తొంగిచూశాడు. స్పీకరు, మైకు, తీగలు. ఇంకేమీ లేవు. తిరిగి వచ్చి నా చెవులకు పెట్టాడు. మొదట నా ముందున్న మైకు వినిపించాడు. నా కూత, తర్వాత ఏమీ లేదు, పై అంతస్తులో ఫ్రిజ్ గుర్రుమనడం తప్ప. తర్వాత సిమెంటు గది మైకు. నా కూత గోడలకు తగిలి మోగి మోగి సన్నబడింది. పూర్తిగా ఆగిపోయింది. ఆ తర్వాత ఇంకో కూత. కింద మొదలై, పైకి లేచి, మధ్యలో తెగి, అతుక్కుని, ఇంకా పైకి వెళ్లింది.

నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. అతను నీళ్లు తెచ్చిచ్చాడు. ఆ గొంతు ఎవరిదో నేను చెప్పలేదు. నా ముఖం చూసి అతనే, "చిన్నత్తమ్మదా?" అన్నాడు.

శిరీష ఫోను ఆ తర్వాత చాలాసేపటికి వచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగిందని చెప్పింది. ఇది చదివేవాళ్లు ఒకటి అడుగుతారని నాకు తెలుసు. ఆ కూత వినబడిన క్షణానికి బాలమణి ఎక్కడుంది, మత్తు ఇచ్చారా, ఇంకా ఇవ్వలేదా అని. నేనూ అడిగాను. శిరీషకు తెలియదు. లోపలికి తీసుకెళ్లాక ఎప్పుడేం చేశారో బయట కూర్చున్నవాళ్లకు ఎవరు చెప్తారు? సమయం కలిసిందని నేను చెప్పలేను.

సుజాత వచ్చి విన్నది. తర్వాత వంటింట్లో మొగుణ్ని నిలదీసింది. నేను హాల్లోనే ఉన్నాను.

"నిజం చెప్పు మహీ. ఏమన్న కలిపినవా?"

"ఏం కలుపుత?"

"అమ్మ పరేషాన్ల ఉందని, మనసు నిమ్మలమైతదని ఏదో ఎఫెక్ట్ పెట్టినవేమో. మంచికే చేసినవనుకో. కానీ చెప్పు."

"చిన్నత్తమ్మ కూత నేనెన్నడన్న విన్ననా? నువ్వు విన్నవా? వినని దాన్ని ఎట్ల తయారు చేస్తరు సుజీ?"

"అమ్మ వేసి చూపెట్టి ఉంటది."

"నేను వెయ్యలేదు బిడ్డా" అని హాల్లోంచే అన్నాను. "అది నేను వెయ్యకూడదు."

సుజాత అనుమానం తప్పు కాదు. అదే అనుమానం నాకూ వచ్చింది. అల్లుడు మంచివాడు. మంచివాళ్లే ఇలాంటి అబద్ధాలు ఆడతారు. కానీ గొంతు ఎక్కడ తెగుతుందో అతనికి ఎవరు చెప్తారు? పైకి లేస్తుందని చెప్పాను, మధ్యలో తెగుతుందని కూడా చెప్పాను. ఎంతసేపు తెగుతుందో చెప్పలేదు. అది మాటల్లో చెప్పగలిగేది కాదు.

నేనే తెలియకుండా వేశానేమో అని కూడా ఆలోచించాను. మనసు చెదిరి ఉంది కదా. కానీ నేను వేస్తే నా నోటి ముందున్న మైకులో పడాలి. పడలేదు. బయట పిల్లలెవరైనా అరిచారా అంటే, సిమెంటు గదికి మూడు వైపులా మట్టే, నాలుగో వైపు మేమున్న బేస్‌మెంటే. నీళ్లు తోడే మోటారు, గొట్టాలు అన్నీ మహేందర్ ఒక్కొక్కటే ఆన్ చేసి చూశాడు. ఏదీ అలా పలకలేదు.

కొన్నాళ్లకు అతను ఆ ముక్కను హెర్న్‌డన్‌లో ఉండే స్నేహితుడు కిరణ్‌కు పంపాడు. కిరణ్‌ది విజయవాడ. అతనికీ ఈ శబ్దాల పిచ్చే, వాటిని శుభ్రం చేయడంలో మహేందర్ కంటే చెయ్యి తిరిగినవాడు. మా కథేమీ చెప్పకుండా, ఎలా ఉందో వినమని మాత్రం అడిగాడు. ఫోను స్పీకర్లో పెట్టి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"బాగుందిరా. ఎవరా రెండో ఆవిడ?" అన్నాడు కిరణ్.

"ఇద్దరున్నరంటవా?"

"నాకు చెవులున్నాయిరా బాబూ. మొదటావిడ నీ తొట్టి గదిలో ఉంది. రెండో ఆవిడని బయట రికార్డ్ చేశావుగా? కలిపితే కలిపావు గానీ మ్యాచ్ చెయ్యడం మర్చిపోయావు. అతుకు కొట్టొచ్చినట్టు తెలుస్తోంది."

"ఏం మ్యాచ్ కాలే?"

"రూమ్ లేదు కదరా ఆవిడకి. మొదటి గొంతు గోడలకి తగులుతోంది. రెండోదానికి అసలు గోడలే లేవు. ఏదో పొలంలో నిలబడి అరిచినట్టుంది. కొంచెం రివెర్బ్ వెయ్, గది మోత వస్తే కలిసిపోతుంది."

మహేందర్ ఫోను పెట్టేసి, ఆ రోజంతా మళ్లీ మళ్లీ విన్నాడు. నాకూ వినిపించాడు. కిరణ్ చెప్పాక నాకూ తెలిసింది. నా కూత ఆ గదిలో అంతసేపు మోగింది కదా. రెండోది మోగలేదు. పైకి వెళ్లి, వెళ్లినచోటే కలిసిపోయింది. చేలో కూత అలాగే పోతుంది, తిరిగి రాదు. అదే గదిలో, అదే మైకుకు, ఒక గొంతుకు గోడలుండి ఇంకో గొంతుకు ఎలా లేకుండా పోతాయో మహేందర్ చెప్పలేకపోయాడు. "కంప్యూటర్ల చెయ్యొచ్చు అత్తమ్మా, కానీ నేను చెయ్యలే" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతని ముఖం చూశాను. నమ్మాను.

తర్వాత ఎన్నోసార్లు దిగి కూతేశాం. అదే మైకు, అదే చోటు, అదే తలుపు మూసి. సుజాత కూడా ఒకసారి కూర్చుని చెవులకు పెట్టుకుని విన్నది. వేసి ఆగేదాన్ని. నా గొంతు నాకే తిరిగొచ్చేది, అంతే. ఒకసారి ఏదో విన్నట్టనిపించి మహేందర్ ఎగిరి లేచాడు. అది పొరుగింటి గడ్డి కోసే మిషను.

ఇక్కడ నా తిప్పలు చెప్పాలి. బాలమణి బతికింది, ఇంటికొచ్చింది. మెడకు రంధ్రం పెట్టారు, దానితోనే ఊపిరి. మాట లేదు, ఇక రాదు. దాని గొంతు ఈ లోకంలో ఎక్కడైనా మిగిలిందంటే ఆ కంప్యూటర్‌లోని చిన్న ముక్కలోనే. అది దానిదే అయితే. కాకపోతే, నేను రోజూ పొద్దున ఎవరిదో గొంతు విని చెల్లె అనుకుంటున్నాను. ఈ సంగతి తేల్చగలిగింది అదొక్కతే.

సుజాత వద్దంది. "గొంతు పోయినామెకు గొంతు వినిపిస్తవా అమ్మా? ఏడ్వదా?" అన్నది. ఆ మాటతో నేను చాలా రోజులు ఆగాను. చివరికి ఒక ఆదివారం పొద్దున, వాళ్లకు సాయంత్రం, వీడియో కాల్‌లో శిరీషకు విషయం చెప్పి ఫోను పట్టుకోమన్నాను. బాలమణి మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుంది. మెడ చుట్టూ పల్చటి తెల్లగుడ్డ. చిక్కిపోయింది గానీ కళ్లు అవే.

"ఏమే, ఒకటి వినిపిస్త, ఎవలదో చెప్పు" అన్నాను. మహేందర్ స్పీకరు దగ్గరికి జరిపి మీట నొక్కాడు.

నా కూత వినగానే దాని ముఖంలో నవ్వొచ్చింది. వేలితో నన్ను చూపించింది. తర్వాత ఖాళీ. తర్వాత ఆ రెండో కూత.

నవ్వు ఆగిపోయింది. శిరీష వైపు చూసింది, మళ్లీ ఫోనులోకి చూసింది.

"నీదేనా?" అని అడిగాను.

కాదని చెయ్యి ఊపింది.

"మంచిగ విన్నవా? నీది కాదా?"

మళ్లీ కాదని ఊపింది, ఇంకా గట్టిగా.

"మరి ఎవలదే?"

రెండు అరచేతులూ పైకి తిప్పింది. ఏమో అని. రాసి చూపించమందామంటే దానికి అక్షరం రాదు.

"అమ్మ కాదంటుంది పెద్దమ్మా" అన్నది శిరీష మెల్లగా. సరే, పోనీ, తేలిపోయింది కదా అనుకున్నాను. ఫోను పెట్టేద్దామని చెయ్యి చాపాను. అప్పుడు బాలమణి అరచెయ్యి చెవి వెనక పెట్టింది. మళ్లీ వినిపించమని.

మహేందర్ మళ్లీ పెట్టాడు. నా కూత అయిపోయింది. ఖాళీ వచ్చింది. బాలమణి వీపు నిటారుగా లేచింది. మెడ దగ్గరి తెల్లగుడ్డ లోపలికి పోయి ఉబ్బింది. నోరు తెరుచుకుంది.

"పెద్దమ్మా, చూస్తున్నవా?" అని శిరీష అన్నది.

ఫోనులో బొమ్మ, చప్పుడు ఒకేసారి చేరవు కాబట్టి నా కంటిని నేను నమ్మను. పక్కనే ఉన్న శిరీష చెప్పింది రాస్తున్నాను. ఆ కూతతో పాటే వాళ్లమ్మ నోరు కదిలిందట. గొంతు తెగే చోట పెదవులు మూసుకుని, అతుక్కునే చోట తెరుచుకున్నాయట. ముందూ కాదు, వెనకా కాదు. చప్పుడు మాత్రం ఏమీ లేదు, మెడ దగ్గర గాలి తప్ప.

"చూడు, నీదే గదనే!" అని నేను అరిచాను.

బాలమణి కళ్లు తుడుచుకుని, కాదని చెయ్యి ఊపింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అది చెవి వెనక అరచెయ్యి పెడుతుంది. మేము వినిపిస్తాం. దాని నోరు కదులుతుంది. నీదేనా అని నేను అడుగుతాను. కాదంటుంది. అబద్ధం చెప్పే అవసరం దానికి లేదు. చెయ్యి చెప్పేది నమ్మాలో, నోరు చెప్పేది నమ్మాలో ఇప్పటికీ నాకు తెలియదు.